లారీకి ముక్కు ఉంటే డ్రైవరు బతుకుతాడా?

నెల్లూరుకూ ఒంగోలుకూ మధ్య 16వ నంబరు జాతీయ రహదారి మీద రాత్రిపూట ఒక లారీ, ఆగి ఉన్న మరో లారీని వెనుకనుంచి గుద్దిందంటే, మర్నాడు పొద్దున ట్రాన్స్‌పోర్టు ఆఫీసుల ముందు టీ తాగేవాళ్ల నోట ఒక మాట తప్పకుండా వస్తుంది. అమెరికా లారీలకు ముందు అంత పొడవు ఇంజను ఉంటుంది కాబట్టి గుద్దినా డ్రైవరు మిగులుతాడని, మన లారీల్లో డ్రైవరే బంపరు అయిపోయాడని ఆ మాట సారాంశం. కృష్ణపట్నం బొగ్గు లోడ్ల కోసం మా ఆఫీసుకు వచ్చే పెద్దవయసు డ్రైవరు ఒకాయన దీన్నే ఇంకా సూటిగా చెబుతాడు: “ముందు ఇంజను పోవాల, ఆ తర్వాత గదా సామీ మనిషి పోవాల్సింది. మన బండ్లలో ముందు పోయేది మనిషే.” ఆయన బాధ నాకు అర్థమవుతుంది. ఆయన తర్కంలో కొంత నిజం కూడా ఉంది. కానీ ఆ నిజాన్ని పట్టుకుని మన రోడ్ల మీదికి మళ్లీ ముక్కున్న లారీలు రావాలనడం, అవి వస్తే డ్రైవర్ల చావులు తగ్గుతాయనడం మాత్రం నేను ఒప్పుకోను. మన లోడ్లకూ, మన దారులకూ ముక్కులేని లారీయే తగినది. అందులో కూర్చున్నవాడి ప్రాణం ఎదుటనున్న ఇంజను పొడవు మీద కంటే, చుట్టూ ఉన్న క్యాబిన్‌ను ఎవరు ఎలా కట్టారు, వెనుకనున్న లోడును ఎవరు ఎలా బిగించారు అన్న రెండింటి మీదనే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

వాదనలోకి దిగేముందు రెండు రకాలనూ విడదీసి చెప్పుకోవాలి. ఇంజను పైన క్యాబిన్‌ను కూర్చోబెట్టి, డ్రైవరు దాదాపుగా ముందు ఇరుసు మీదనో, దానికి కొంచెం ముందుకో కూర్చునేలా చేసిన లారీని క్యాబోవర్ అంటారు. ఇప్పుడు మనం రోడ్డు మీద చూసే టాటా, అశోక్ లేలాండ్, భారత్‌బెంజ్, ఐషర్ లారీలు దాదాపు అన్నీ ఇవే. ఇంజను ముందు, దాని వెనుక క్యాబిన్, డ్రైవరు ముందు ఇరుసుకు వెనుకగా కూర్చునేది కన్వెన్షనల్ లారీ. దీన్ని బానెట్ లారీ అనే అంటాను. యాభై ఏళ్లు దాటినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. 1954లో టాటావారు జర్మనీకి చెందిన డైమ్లర్ బెంజ్‌తో కలిసి లారీల తయారీ మొదలుపెట్టినప్పుడు మన రోడ్ల మీదికి వచ్చినవి గుండ్రటి ముక్కున్న లారీలే. సగం ముక్కున్న టాటా ఎస్ఈ రకం లారీలు కొండ ప్రాంతాలలో ఆ తర్వాత కూడా చాలాకాలం తిరిగాయి.

ఆ ముక్కు ఎందుకు పోయిందన్న ప్రశ్నకు జవాబు భద్రతలో దొరకదు, కొలతలలో దొరుకుతుంది. రోడ్డు మీద వాహనం మొత్తం పొడవు ఇంత మించరాదని చట్టం చెప్పినప్పుడు, ముక్కుకు ఇచ్చిన ప్రతి అడుగూ లోడు వేసుకునే తొట్టి నుంచి కోసి ఇచ్చినదే అవుతుంది. ఐరోపాలో ట్రాక్టరూ (ట్రైలర్‌ను లాగే ముందు బండి) ట్రైలరూ కలిపి 16.5 మీటర్లు దాటకూడదు. అందుకే అక్కడ క్యాబోవర్ తప్ప మరొకటి దాదాపుగా కనిపించదు. అమెరికాలో కూడా రాష్ట్రాలు మొత్తం పొడవుకు హద్దు పెట్టిన రోజులలో క్యాబోవర్లే రాజ్యమేలాయి. 1982లో వచ్చిన ఫెడరల్ చట్టం పెద్ద రహదారుల మీద ఆ మొత్తం పొడవు హద్దును తీసేసి, ట్రైలర్ పొడవును మాత్రమే లెక్కలోకి తీసుకోవడంతో, ముక్కు ఎంత పొడవున్నా యజమానికి వచ్చే నష్టం లేకుండా పోయింది. అంతే, అక్కడ క్యాబోవర్ కథ ముగిసింది. ఫ్రైట్‌లైనర్ కంపెనీ తన చివరి క్యాబోవర్ ఆర్గోసీని అమెరికా మార్కెట్టు నుంచి 2006లో తీసేసింది. కాబట్టి అమెరికావాడు డ్రైవరు ప్రాణానికి విలువిచ్చి ముక్కు పెట్టాడనీ, మనవాడు ఇవ్వక తీసేశాడనీ అనుకోవడం చరిత్రకు సరిపోయే మాట కాదు. అక్కడ చట్టం మారింది, లారీ ఆకారం దాని వెంట నడిచింది.

మన దగ్గర ట్రైలర్ కాని మామూలు లారీకి పొడవు హద్దు 12 మీటర్లు, వెడల్పు హద్దు 2.6 మీటర్లు. పది టైర్ల లారీకి మన ప్రాంతంలో ఎక్కువగా కనిపించే తొట్టి 24 అడుగులది. దీనికి ముందు మూడున్నర, నాలుగు అడుగుల ముక్కు తగిలిస్తే చట్టం ఒప్పుకోవచ్చునేమో కానీ, స్టోన్‌హౌస్‌పేట ఒప్పుకోదు. నెల్లూరులో టోకు వ్యాపారం నడిచే ఆ వీధులలోకి పొద్దున పూట లోడు లారీ తిరగడం చూసినవారికి ఈ విషయం చెప్పనక్కరలేదు. లారీ ముఖం ఎదుటి దుకాణం మెట్టుకు జానెడు దూరంలోకి వచ్చి, వెనక్కి వెళ్లి, మళ్లీ ముందుకు వచ్చి, నాలుగైదు విడతలలో మలుపు తిరుగుతుంది. ఈలోగా మోటారుసైకిళ్లు ఆ సందులోంచి దూరుతూనే ఉంటాయి. ఆ జానెడు దూరాన్ని డ్రైవరు తన కంటితో చూసుకోగలుగుతున్నాడంటే, అద్దానికీ బంపరుకూ మధ్య ఏమీ అడ్డు లేకపోవడం వల్లనే. ఎక్కువ చక్రాంతరం, అంటే ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ మధ్య ఎక్కువ దూరం ఉన్న బండికి మలుపు కూడా పెద్దది కావాలి. కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం ప్రాంతాల రైసుమిల్లుల గేట్లు చాలావరకు లారీలు ఇంత పెద్దవి కాకముందు పెట్టినవి. ఇప్పుడున్న లారీలే స్తంభాలకు గీసుకుంటూ లోపలికి వెళుతున్నాయి.

అయితే ఇక్కడ ఒక తేడా గుర్తించాలి. పొడవు అన్ని లోడ్లకూ ఒకే రీతిగా ముఖ్యం కాదు. కందుకూరు, టంగుటూరు వైపు నుంచి వెళ్లే పొగాకు చెక్కులు, రొయ్యల ఖాళీ ట్రేలు, వరిగడ్డి వంటివి బరువు కంటే ముందు జాగాను నింపేస్తాయి. వాటికి తొట్టిలో మూడడుగులు తగ్గితే కిరాయిలో అంత మేరా కోత పడుతుంది. కృష్ణపట్నం బొగ్గు, చిల్లకూరు వైపు సిలికా ఇసుక, చీమకుర్తి రాయి అలా కాదు. తొట్టి సగం కూడా నిండకముందే కాటాలో బరువు హద్దుకు చేరుతుంది. 2018లో కేంద్రం ఇరుసు బరువుల హద్దులు పెంచినప్పుడు పది టైర్ల లారీ మొత్తం బరువు 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు పెరిగింది కానీ, నల్లరాయి ఒక ఘనమీటరు దాదాపు మూడు టన్నులు తూగే చోట తొట్టి పొడవు ఎవరికీ అడ్డం రాదు. అంటే క్యాబోవర్ వల్ల వచ్చే లాభం మన జిల్లాలలో ఒక రకం సరుకుకు పూర్తిగా, మరో రకానికి నామమాత్రంగా ఉంటుంది. ఈ మాట చివరలో మళ్లీ అవసరమవుతుంది.

బానెట్ లారీ గాలిని బాగా చీల్చుకుపోతుంది, డీజిలు కలిసివస్తుంది అన్న వాదన మీద ఎక్కువ సేపు నిలవనక్కరలేదు. గాలి అడ్డు వేగం వర్గంతో పెరుగుతుంది. గంటకు 105 కిలోమీటర్ల వేగంతో వెళ్లే అమెరికా లారీ మీద గాలి చూపించే అడ్డు, 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే మన లోడు లారీ మీద చూపించే దానికి మూడింతలు. మన కొత్త రవాణా వాహనాలకు 2015 అక్టోబరు నుంచి 80 కిలోమీటర్ల దగ్గర వేగానికి కళ్లెం వేసే పరికరం తప్పనిసరి. పైగా తొట్టి మీద టార్పాలిన్ పట్ట గాలికి టపటపా కొట్టుకుంటూ పోయే లారీకి ముక్కు నునుపు వల్ల మిగిలే డీజిలు ఎంత?

ఇక భద్రత. లారీ భద్రత అనగానే మనం డ్రైవరును మాత్రమే తలుచుకుంటాం; అది సగం లెక్క. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెబుతోంది. అందులో 44.5 శాతం మంది ద్విచక్ర వాహనాల మీద వెళ్లేవాళ్లు, 19.5 శాతం మంది నడిచి వెళ్లేవాళ్లు. అంటే ప్రతి ముగ్గురిలో దాదాపు ఇద్దరు తమ చుట్టూ ఇనుప రేకు కూడా లేనివాళ్లు. కాబట్టి లారీ ఆకారం గురించి మాట్లాడేటప్పుడు ఆ లారీ ముందు ఎవరు కనబడతారు, ఎవరు కనబడరు అన్నది మొదటి ప్రశ్న కావాలి.

దీన్ని చిన్న లెక్కతో చూడవచ్చు. క్యాబోవర్‌లో డ్రైవరు కన్ను నేలకు రెండున్నర మీటర్ల ఎత్తున, అద్దం కింది అంచు అతనికి ముప్పాతిక మీటరు ముందు 1.9 మీటర్ల ఎత్తున ఉన్నాయనుకుందాం. అప్పుడు అతనికి లారీ ముఖానికి దాదాపు 2.4 మీటర్ల అవతలి నుంచి నేల కనబడడం మొదలవుతుంది, 1.1 మీటర్ల ఎత్తున్న పిల్లవాడు లారీకి మీటరు దూరంలో నిలబడితే తల కనిపించీ కనిపించనట్టు ఉంటుంది. బానెట్ లారీలో కన్ను 2.3 మీటర్ల ఎత్తున, బానెట్ ముందు అంచు రెండు మీటర్ల అవతల 1.7 మీటర్ల ఎత్తున ఉంటే, నేల కనబడేది ఐదున్నర మీటర్లకు పైగా దాటాక. అదే పిల్లవాడు రెండు మీటర్ల లోపల ఎక్కడున్నా కనబడడు. బానెట్‌ను కిందికి వాలుగా చేస్తే ఈ తేడా కొంత తగ్గుతుంది, పోదు. లండన్ నగరంలో 12 టన్నులు దాటిన లారీలకు, డ్రైవరు నేరుగా కంటితో ఎంత చూడగలడన్న దాన్నిబట్టి నక్షత్రాలు వేసి, 2024 అక్టోబరు నుంచి మూడు నక్షత్రాలకు తగ్గిన లారీ అదనపు భద్రతా పరికరాలు లేకుండా తిరగరాదన్నారు. అద్దంలోనో కెమెరాలోనో చూడడానికీ, నేరుగా కంటితో చూడడానికీ మధ్య ఉన్న క్షణం తేడాలోనే మనిషి చక్రం కిందికి వెళ్లిపోతాడన్నది వాళ్ల ఆలోచన. కావలి దగ్గర గానీ, సింగరాయకొండ దగ్గర గానీ సర్వీసు రోడ్డు వదిలి ఎదురుగా వచ్చే మోటారుసైకిళ్లనూ, డివైడరు దాటే గొర్రెల మందలనూ చూసినవాడికి లండన్ ఉదాహరణ కూడా అక్కరలేదు.

క్యాబోవర్‌కు ఎడమవైపు చూపు మాత్రం తక్కువే. ఎత్తయిన క్యాబిన్ ఎడమ తలుపు కింద ఆటో ఉన్నా డ్రైవరుకు తెలియదు. ఒకప్పుడు ఆ పక్క కన్ను క్లీనరు; తలుపు మీద చేత్తో చరుస్తూ “పోనీ, పోనీ” అనేవాడే ఆ లారీకి సగం అద్దం. ఇప్పుడు కిరాయిలు గిట్టక చాలా లారీలు ఒక్క డ్రైవరుతోనే నడుస్తున్నాయి. ఇది బానెట్ పెడితే తీరే లోటు కాదు, కానీ క్యాబోవర్‌ను పొగిడేవాళ్లు దాచిపెట్టకూడని లోటు.

దాచిపెట్టకూడనివి ఇంకా ఉన్నాయి. ముందు ఇరుసు మీద కూర్చున్నవాడికి రోడ్డు మీది ప్రతి గుంతా నడుములోనే పడుతుంది. రెండు ఇరుసుల మధ్య కూర్చున్న బానెట్ లారీ డ్రైవరుకు ఆ దెబ్బ మెత్తబడి చేరుతుంది. క్యాబిన్ కింద నాలుగు మూలలా స్ప్రింగులో, గాలి బుడ్డలో ఉన్న ఖరీదైన లారీలలో ఈ తేడా చాలావరకు పోయింది కానీ, మన వాళ్లు నడిపేవన్నీ అలాంటివి కావు. వేడి సంగతి చెప్పనే అక్కరలేదు. రోహిణి కార్తెలో మధ్యాహ్నం రెండు గంటలకు గూడూరు దాటి వస్తున్న పాత లారీలోకి ఎక్కి చూడండి: డ్రైవరు సీటుకూ ఎడమ సీటుకూ మధ్య ఉబ్బెత్తుగా ఉండే ఇంజను మూత మీద తడిపిన గోనెపట్ట పరిచి ఉంటుంది, పక్కనే దాన్ని మళ్లీ మళ్లీ తడపడానికి నీళ్ల క్యాను. గోనె అంచులు ఎండి గరుకుగా అట్టకట్టి ఉంటాయి, మధ్యలో మాత్రం ఆవిరి వాసన. డ్రైవరు కుడికాలు యాక్సిలరేటరు మీద, ఎడమ మోకాలు ఆ మూతకు తగలకుండా పక్కకు ఒరిగి. ఇంజను ముందుకు వెళితే ఈ కష్టం చాలావరకు తగ్గేదన్న మాట వాస్తవం. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్య, భారీ తరహా లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి చేస్తూ కేంద్రం ఇచ్చిన ఆదేశం ఈ చిక్కుకు అసలైన మందు. దాని ఖర్చును తలుచుకుని గొణిగే యజమానులకు నేను చెప్పేదొకటే: వేడికి సొమ్మసిల్లి కునుకు తీసే డ్రైవరు వల్ల పోయేది ఏసీ ఖర్చు కంటే చాలా ఎక్కువ.

మరమ్మతు విషయంలో ఎవరి అలవాటు వారిది. బానెట్ ఎత్తి నేల మీద నిలబడి పనిచేయడం సులువు. క్యాబిన్ వంచాలంటే ముందు లోపలి స్టవ్వు, బిందె, దుప్పట్లు, దేవుడి పటం అన్నీ దింపాలి, చిన్న పంపు కడ్డీతో కిందికీ పైకీ కొట్టాలి. కానీ ఒకసారి వంచాక ఇంజను నాలుగు వైపులా తెరుచుకుంటుంది. ఆటోనగర్ మెకానిక్కులు దానికే మొగ్గు చూపుతారు.

అసలు ప్రశ్నకు వస్తాను: గుద్దుకున్నప్పుడు ఏమవుతుంది? గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళుతున్న మనిషి శరీరం 30 సెంటీమీటర్ల దూరంలో ఆగవలసి వస్తే అతని మీద పడే సగటు బలం తన బరువుకు దాదాపు 47 రెట్లు. అదే మీటరు దూరంలో ఆగితే 14 రెట్లు. ముక్కు కోరేవాళ్ల వాదనకు ఉన్న బలమంతా ఈ లెక్కలోనే ఉంది. ఆగడానికి దొరికే దూరమే ప్రాణం. అయితే ఈ లెక్క నిజం కావాలంటే ముక్కు మెత్తగా, క్రమంగా నలగాలి. కారు ముక్కు అలా నలిగేలా చేస్తారు. లారీ ముక్కులో ఉండేది టన్ను బరువుకు అటూ ఇటూగా తూగే ఇనుప ఇంజను, దాని కింద నలగడానికి ఏమాత్రం ఇష్టపడని రెండు చాసిస్ దూలాలు, అంటే లారీ అడుగు చట్రపు ఉక్కు దూలాలు. పైన కప్పిన బానెట్ చాలా లారీలలో ఫైబరు పెంకు మాత్రమే. ఇంజను నలగదు, వెనక్కి జరుగుతుంది. వెనుక ఉన్నది డ్రైవరు కాళ్లు.

రెండవది బరువు. 28.5 టన్నుల లారీ గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళుతున్నప్పుడు దానిలో ఉండే శక్తి దాదాపు 40 లక్షల జౌళ్లు. లారీ క్యాబిన్ గట్టితనాన్ని పరీక్షించే ఐరోపా ఆర్29 నిబంధనల తాజా రూపంలో భారీ లారీ క్యాబిన్ ముఖాన్ని ఇనుప లోలకంతో కొట్టే దెబ్బ 55 వేల జౌళ్లు, అంటే అందులో డెబ్బయ్యో వంతు. గుద్దుకున్నప్పుడు శక్తి అంతా క్యాబిన్ మీదే పడదు. చాసిస్‌లూ, ఎదుటి బండీ, టైర్లూ పంచుకుంటాయి. అయినా ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి తేలుతుంది: లోడుతో ఉన్న లారీ వేగం తగ్గకుండా గుద్దితే మీటరు ముక్కు ఆ శక్తిలో మింగగలిగేది చాలా కొద్ది.

మూడవది గుద్దే తీరు. మన రహదారి మీద ఆగి ఉన్న లారీ ఎడమ అంచున ఉంటుంది. వెనుకవచ్చేవాడు చివరి క్షణంలో కళ్లు తెరిచి స్టీరింగును కుడికి కోస్తాడు. దాంతో ఎదుటి లారీ తొట్టి కుడి మూల, గుద్దే లారీ ఎడమ మూలలోకి దిగబడుతుంది. డ్రైవరు బతికి, ఎడమ సీటులో నిద్రపోతున్న క్లీనరు చనిపోయిన ప్రమాదాలు మన వైపు ఎందుకు వింటామో ఈ కోణం చెబుతుంది. బానెట్ ఎప్పుడూ క్యాబిన్ కంటే సన్నగా ఉంటుంది; తొట్టి మూల దాని పక్కనుంచి జారి నేరుగా క్యాబిన్ మూల స్తంభానికి తగలడానికి పెద్ద అడ్డేమీ లేదు. నేరుగా, మధ్యకు గుద్దినప్పుడు ముక్కు చేసే మేలు, పక్కకు గుద్దినప్పుడు చేయదు.

అందుకే క్యాబిన్ దగ్గరికి రావాలని పట్టుబడతాను. చాలా ఏళ్లు మన వాళ్లు కంపెనీ నుంచి చాసిస్, ముందు అద్దం చట్రం మాత్రమే కొని, క్యాబిన్‌ను బాడీ షెడ్డులో కట్టించుకున్నారు. వేప, తుమ్మ చట్రం మీద రేకు కొట్టి, లోపల రెక్సిను, బయట నెమళ్లు, తామరపూలు, దిష్టిబొమ్మ రాసి, ముందు జడలు కట్టి తీసుకువచ్చేవారు. అందంగా ఉండేది, ఖర్చు తక్కువ, పడుకోవడానికి వెడల్పైన చెక్క బల్ల వచ్చేది. గుద్దినప్పుడు మాత్రం అగ్గిపెట్టెలా విడిపోయేది. మేకులు ఊడి, చెక్క చీలి, ఆ చీలికలే లోపలివాళ్లకు దిగేవి. ఇప్పుడు మన దేశపు ఏఐఎస్-029 ప్రమాణం ఆర్29 ఒరవడిలోనే, ఢీకొన్నాక కూడా లోపల మనిషికి ప్రాణం నిలిచే జాగా మిగలాలని అడుగుతోంది. ఆ పరీక్షకు నిలిచిన ఫ్యాక్టరీ ఉక్కు క్యాబిన్ గుద్దుడులో నలగడంతోపాటు తన బిగింపుల మీద కొంత వెనక్కి జరిగేలా కూడా చేయవచ్చు. వోల్వోవంటి సంస్థలు చేసేది అదే. క్యాబోవర్‌లో ఇంజను కాళ్ల ముందు కాక కింద ఉంటుంది కనుక క్యాబిన్ దాని మీదుగా జరగడానికి వీలుంటుంది. చెక్క క్యాబిన్ కట్టిన క్యాబోవర్‌నూ, ఉక్కు క్యాబిన్ ఉన్న అమెరికా బానెట్ లారీనీ పోల్చి ముక్కుకు మార్కులు వేయడం సరైన పోలిక కాదు. ఉక్కును ఉక్కుతోనే పోల్చాలి.

ఇంత చెప్పినా బెల్టు పెట్టుకోని డ్రైవరుకు ఇవేవీ పనికిరావు. సీటు మీద ఒక కాలు మడిచి కూర్చుని, బెల్టును సీటు వెనక్కి తిప్పి కట్టేసి నడిపేవాళ్లను రోజూ చూస్తున్నాను. లారీ బోల్తా పడినప్పుడు అద్దంలోంచి బయటికి ఎగిరిపడి, తన లారీ కిందనే పడి చనిపోయేది ఇలాంటివాళ్లే. బోల్తాలో ముక్కు ఉన్నా లేనట్టే.

ఇప్పుడు వెనుక నుంచి వచ్చే ప్రమాదం. ఎవరూ మాట్లాడనిది, మన ప్రకాశం జిల్లాకు అన్నిటికంటే ఎక్కువగా సంబంధించినది ఇదే. చీమకుర్తి క్వారీలో 20 టన్నుల గెలాక్సీ నల్లరాయి దిమ్మెను లారీ మీదికి దించడం దగ్గర నుంచి చూడాలి. క్రేను గొలుసు సడలగానే లారీ కమాను కట్టలు ఒక్కసారి మూలిగి కిందికి కుంగుతాయి. దిమ్మె కింద రెండు కొయ్య దుంగలు, పక్కల చెక్క ముక్కలు కొట్టి, కొన్నిసార్లు ఒక గొలుసు అడ్డంగా వేస్తారు, కొన్నిసార్లు అదీ ఉండదు. “అంత బరువు యాడికి జరుగుద్ది అన్నా?” అని అడుగుతాడు లోడు వేసేవాడు. ఆ ప్రశ్నలో ఉన్న నమ్మకమే మనుషులను చంపుతోంది. బరువు ఎక్కువైనంత మాత్రాన జారకుండా ఉండదు. జారకుండా పట్టే ఒరిపిడి బలం బరువుతోపాటే పెరుగుతుంది, జారాలని నెట్టే బలం కూడా బరువుతోపాటే పెరుగుతుంది, రెండూ రద్దయిపోతాయి. రాయికీ తడిసిన కొయ్యకూ మధ్య పట్టు ఎంత తక్కువో, ఎంత గట్టిగా బ్రేకు వేశారో, అంతే లెక్క. ఐరోపా, అమెరికా నిబంధనలు రెండూ లోడు ముందుకు జరగకుండా దాని బరువులో 80 శాతానికి సమానమైన బలాన్ని తట్టుకునేలా కట్టాలని అంటాయి. 20 టన్నుల దిమ్మెకు అది 16 టన్నుల బలం. రెండు దుంగలూ, నాలుగు చెక్క ముక్కలూ దాన్ని ఆపుతాయా?

దిమ్మె ముందుకు జారితే మొదట తగిలేది తొట్టి ముందు గోడ, తర్వాత క్యాబిన్ వెనుక రేకు, తర్వాత మనిషి. క్యాబోవర్ అయినా, బానెట్ అయినా ఆ వరుస మారదు. బానెట్ లారీలో డ్రైవరు ముందు మీటరు ఇనుము ఉంటే అతన్ని దానికీ రాయికీ మధ్య నొక్కడం తప్ప అది చేసేదేమీ లేదు. రాపూరు కనుమ దిగే బెరైటీస్ ఖనిజం లారీకీ, నల్లమలలో గిద్దలూరు వైపు దిగే సిమెంటు లారీకీ తక్కువ ఎక్కువలతో ఇదే వర్తిస్తుంది. బస్తాలు, పొడి సరుకు కొంత సర్దుకుంటాయి, రాయి సర్దుకోదు.

ఇందాక చెప్పిన మాట ఇక్కడ పనికివస్తుంది. చీమకుర్తి నుంచి కృష్ణపట్నానికి నూట యాభై కిలోమీటర్ల పైచిలుకు దూరం, దాదాపు అంతా నాలుగు, ఆరు వరుసల రహదారి. సరుకుకు పొడవుతో పనిలేదు. ఊరి సందులలోకి తిరిగే అవసరం లేదు. ఈ ఒక్క దారికి, ఈ ఒక్క సరుకుకు బానెట్ ట్రాక్టరు పనికిరాదని నేను అనలేను. డ్రైవరు నడుముకు సుఖం, కాళ్లకు చల్లదనం దొరుకుతాయి, నేరుగా గుద్దినప్పుడు కొంత మేలూ ఉంటుంది. ఏ కంపెనీ అయినా అలాంటిది అదే ధరకు తెచ్చి, ముందు చూపుకు కెమెరా పెట్టి అమ్మితే, మా ఆఫీసుకు వచ్చే క్వారీ యజమానులకు చూడమనే చెబుతాను. కానీ అదే డబ్బులో ముక్కు కావాలా, లేక పరీక్షకు నిలిచిన క్యాబినూ, తొట్టి ముందు మందపాటి ఉక్కు గోడా, దిమ్మెకు నాలుగు మూలలా బిగించే గొలుసులూ కావాలా అని అడిగితే మాత్రం, ముక్కు సంగతి వచ్చే లారీకి చూసుకోండంటాను.